వెన్నుపాము కణితి తీసిన తర్వాత: సేవ, స్వావలంబన గురించి ఒక సంవాదం

వెన్నుపాము మెదడు అడుగుభాగం నుంచి నడుము పైభాగం వరకు, వెన్నుపూసల మధ్యనున్న ఎముక కాలువలో సాగే నాడీతంతువుల కట్ట. పెద్దవారిలో సుమారు 45 సెంటీమీటర్ల పొడవుండే ఈ కట్ట గుండానే కాళ్లూ చేతులూ కదలమనే ఆజ్ఞలు కిందికి, వేడి, చలి, నొప్పి, స్పర్శ పైకి ప్రయాణిస్తాయి. మూత్రమలాల అదుపు, చెమట పట్టడం, రక్తపోటు నిలకడ కూడా దీనిమీదే ఆధారపడి ఉంటాయి. ఆ ఇరుకు కాలువలో కణితి, అంటే జనం వాడుకలో గడ్డ, పెరిగితే పక్కకు జరగడానికి చోటు లేక వెన్నుపామునే నొక్కుతుంది. కణితులను వైద్యులు అవి పుట్టిన చోటును బట్టి మూడు తరగతులు చేస్తారు. వెన్నుపామును కప్పి ఉండే డ్యూరా అనే గట్టి పొరకు వెలుపల కనిపించేవి ఎక్కువగా రొమ్ము, ఊపిరితిత్తులు, ప్రొస్టేటు వంటి అవయవాల్లో పుట్టిన క్యాన్సర్ అక్కడికి పాకగా ఏర్పడినవి. ఆ పొరకు లోపల, వెన్నుపాముకు బయట పెరిగే మెనింజియోమా, ష్వానోమా వంటివి చాలావరకు క్యాన్సర్ కానివి. వెన్నుపాము లోపలే పుట్టేవాటిలో పెద్దవారికి ఎపెండైమోమా, పిల్లలకు ఆస్ట్రోసైటోమా ఎక్కువగా వస్తాయి.

కుందూ నదీ ప్రాంతపు నల్లరేగడి మీద శనగ, జొన్న పండించే కోయిలకుంట్ల పరిసరాల్లో ఈ జబ్బు తొలినాళ్లలో నడుమునొప్పిగానో, కాళ్ల తిమ్మిరిగానో కనిపించి, వయసుకూ పొలంపనికీ ఆపాదింపబడుతూ కాలం గడుస్తుంది. రాత్రి పడుకున్నప్పుడు నొప్పి పెరగడం, నడుస్తుండగా కాలి చెప్పు జారిపోయినా తెలియకపోవడం, మూత్రం ఆగి ఆగి రావడం అనే గుర్తులు తోడైన తర్వాతే చాలామంది ఎమ్మారై దాకా వెళ్తారు. ఆపైన కర్నూలు పెద్దాసుపత్రిలోనో, తిరుపతి, హైదరాబాదు, వేలూరుల్లోనో శస్త్రచికిత్స జరుగుతుంది, కుట్లు విప్పుతారు, మనిషి ఇంటికి వస్తాడు. ఆ తర్వాతి జీవితం గురించినదే ఈ సంవాదం. ఇందులో మాట్లాడే ఇద్దరూ ఈ చర్చ కోసం కల్పించినవారు: ఒకరు కోయిలకుంట్లలో స్థిరపడిన విశ్రాంత ఉపాధ్యాయుడు, మరొకరు ఆయన తమ్ముని కూతురు, వేలూరులో శిక్షణ పొంది నంద్యాలలో పనిచేస్తున్న ఫిజియోథెరపిస్టు. వారి బంధువుల ఇంట ఒక నడివయసు రైతు ఛాతీ ప్రాంతపు వెన్నుపాము నుంచి కణితి తీయించుకుని ఇటీవలే తిరిగి వచ్చాడన్నది చర్చకు ఆధారం.

ఉపాధ్యాయుడు: గడ్డ మొత్తం వచ్చేసిందని డాక్టర్లు చెప్పి పంపిన తర్వాత రోగికి కావలసింది విశ్రాంతి, ఇంటివారికి కావలసింది ఓపిక, ఈ రెండింటికి మించిన వైద్యం ఇంట్లో ఏదీ జరగదమ్మా. వెన్నుపూసల వెనుక పలకలను కోసి తెరిచి, సూక్ష్మదర్శిని కింద గంటల తరబడి గడ్డను విడదీసిన ఒంటిని రెండో రోజే లేపి కూర్చోబెట్టడం, వారం తిరక్కుండానే నిలబెట్టడం చూసేవారికి కఠినంగా తోచడంలో వింత లేదు. అన్నం కలిపి చేతికందించేవారు, కాళ్లు ఒత్తేవారు, పక్కకు తిప్పేవారు ఇంటినిండా ఉన్నప్పుడు అన్నీ అతని చేతనే చేయించాలని పట్టుబట్టడం ఈ నేల పద్ధతి కాదు. ముసలితనంలో సైతం మనిషి ఒంటరిగా బతకవలసిన సమాజాల్లో పుట్టిన ఆదర్శమది. దాన్ని తెచ్చి ఇక్కడి ఇంటి మీద రుద్దితే సేవ చేసేవారి మనసు నొచ్చుకుంటుంది, చేయించుకునేవాడు తాను బరువయ్యానని కుంగిపోతాడు.

చికిత్సకురాలు: ఆదర్శాల సంగతి తర్వాత చూడవచ్చు పెదనాయనా, ముందు విశ్రాంతి సంగతి తేలాలి, ప్రాణాపాయం ఉన్నది అక్కడే. కదలని కాలి సిరల్లో నెత్తురు గడ్డకట్టి, ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరితే మనిషి నిమిషాల్లో పోవచ్చు. స్పర్శ లేని నడుము చివర, పిరుదుల మీద, మడమల మీద బరువు గంటల కొద్దీ నిలిచిపోతే అక్కడి చర్మానికి రక్తం అందక పుండు పడుతుంది. పైకి రూపాయంత ఎర్రమచ్చగా కనిపించేది లోపల ఎముక దాకా దిగి ఉండవచ్చు, మానడానికి నెలలు పట్టవచ్చు. రెండు గంటలకొకసారి పక్క మార్చాలనే నియమం అందుకే ఏర్పడింది. మడమ, మోకాలు, తుంటి రోజూ వాటి పూర్తి మేరకు కదలకపోతే కీళ్లు బిగుసుకుపోతాయి, ఆ తర్వాత కండరాలకు బలం వచ్చినా కాలు చాపలేని స్థితి వస్తుంది. కుట్ల దగ్గర నీరులాంటి ద్రవం ఊరుతున్నా, లేచి కూర్చోగానే తలపోటు వచ్చి పడుకుంటే తగ్గుతున్నా వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం కారుతోందని అనుమానించాలి, వెంటనే సర్జన్‌కు చూపించాలి. అటువంటప్పుడు ఆయనే కొన్నాళ్లు పడుకొమ్మని చెప్పవచ్చు. మిగిలిన సందర్భాల్లో మంచం మందు కాదు. పథ్యమూ అంతే: పప్పు, గుడ్డు, మాంసం తింటే కుట్లు చీము పడతాయని మానిపించే ఇల్లు, గాయం పూడడానికి అవసరమైన మాంసకృత్తులనే ఆపివేస్తోంది.

ఉపాధ్యాయుడు: పథ్యం విషయంలో పెద్దవాళ్లు తమ మాట మార్చుకోవచ్చు, మంచం విషయంలోనూ మార్చుకోవచ్చు. అయితే ఆసుపత్రివారు వేసే మరో తొందర అడుగు ఉంది, దాన్ని ఒప్పుకోవడం కష్టం. రోగి ఇంకా కాళ్ల వంక చూసుకుంటూ ఉండగానే చక్రాల కుర్చీ తెచ్చి పక్కన పెడతారు. 1887 జూన్‌లో లండన్‌లో, గవర్స్ అనే నాడీవైద్యుడు గడ్డ ఉన్న చోటును కేవలం లక్షణాలను బట్టి ఊహించి చెప్పగా, విక్టర్ హార్స్‌లీ అనే సర్జన్ వెన్నుపామును నొక్కుతున్న కణితిని తొలిసారిగా విజయవంతంగా తీశాడు. శస్త్రచికిత్స నాటికి కాళ్లు పడిపోయి ఉన్న ఆ రోగి, ఒక సైనికాధికారి, ఏడాది గడిచేసరికి నడుస్తూ ఉద్యోగం చేసుకున్నాడు. స్కానులు, నాడుల పనితీరును శస్త్రచికిత్స జరుగుతుండగానే గమనించే యంత్రాలు ఏవీ లేని రోజుల్లో జరిగినది ఇప్పుడు జరగదని ఎందుకు అనుకోవాలి? అదీ కాక, 1999లో వెన్నుపాము కణితికి శస్త్రచికిత్స జరిగి నడుము కింద చచ్చుబడిన దీపా మాలిక్ 2016లో రియో పారాలింపిక్స్‌లో షాట్‌పుట్‌లో రజతం సాధించి, పారాలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ అయింది. సంకల్పం ఉన్నవారి ముందు కుర్చీ పెట్టి దారి మూయకూడదు.

చికిత్సకురాలు: ఆ రెండు ఉదాహరణలూ నిజమే, అయితే అవి రెండు వేర్వేరు దిక్కులు చూపిస్తాయి. హార్స్‌లీ రోగికి గడ్డ వెన్నుపాము బయట ఉంది. బయటి ఒత్తిడి తీసివేస్తే, లోపలి తంతువులు చచ్చిపోకుండా నలిగి మాత్రమే ఉంటే, అవి తిరిగి పనిచేయగలవు. ఆయనకు నడక వచ్చింది. దీపా మాలిక్‌కు రాలేదు, ఆమె పతకం కుర్చీ మనిషిగానే సాధించింది. కుర్చీ దారి మూయలేదనడానికి ఆమె జీవితమే రుజువు. ఆమె చుట్టూ సైనిక కుటుంబపు వైద్య సౌకర్యాలు, తోడ్పాటు ఉన్నాయన్నది కూడా చెప్పవలసిన మాట. ఆమెను చూపించి కోయిలకుంట్ల రైతును నీకు పట్టుదల లేదని నిందించే అవకాశం ఎవరికీ ఇవ్వకూడదు. శస్త్రచికిత్స గడ్డను తీస్తుంది, చెడిన తంతువును బాగుచేయదు. తర్వాత ఎంత కోలుకుంటారన్నది అన్నిటికంటే ఎక్కువగా, కత్తి పెట్టే నాటికి మనిషి ఏ స్థితిలో ఉన్నాడన్న దాన్ని బట్టి ఉంటుంది: నడుస్తూ వెళ్లినవారిలో చాలామంది నడుస్తారు, నెలల తరబడి కాళ్లు పడిపోయాక వెళ్లినవారికి ఆ ఆశ తగ్గుతుంది. వెన్నుపాము లోపలి కణితి తీసినప్పుడు వెంటనే బలం, స్పర్శ మరింత తగ్గినట్టు కనిపించి, వారాల్లోనో నెలల్లోనో తిరిగి రావడం కూడా ఉంది. ఎక్కువ మెరుగుదల మొదటి ఆరు నెలల్లో, ఏడాదిలో కనిపిస్తుంది, నెమ్మదిగా రెండేళ్ల దాకా సాగవచ్చు. ఆ రెండేళ్లూ మనిషి మంచం మీద ఎదురుచూడాలా, కుర్చీలో కూర్చుని వాకిట్లోకీ బజారుకూ పోతూ ఎదురుచూడాలా అన్నదే ప్రశ్న.

నడక వచ్చినా అది పాత నడక కాకపోవచ్చునన్న సంగతి కుటుంబాలకు ఎవరూ చెప్పరు. వెన్నుపాము వెనుక భాగంలోని తంతువులు కాలు ఎక్కడ ఉందో కంటితో చూడకుండానే మెదడుకు తెలియజేస్తాయి. లోపలి కణితిని చేరడానికి సర్జన్ అక్కడే మధ్యగా తెరుస్తాడు కనుక ఆ ఎరుక చాలామందికి దెబ్బతింటుంది. అటువంటి మనిషి పగలు పాదాలనే చూసుకుంటూ నడవగలడు. రాత్రి దీపం పోతే, ముఖం మీద నీళ్లు చల్లుకోవడానికి కళ్లు మూసుకుంటే, తూలి పడిపోతాడు. బలం ఉందికదా, భయంతో నటిస్తున్నాడని ఇంటివారు అపోహ పడతారు. పడకకూ మరుగుదొడ్డికీ మధ్య రాత్రంతా ఒక చిన్న బల్బు వెలిగి ఉండడం, గోడకు పట్టుకునే కమ్మీ ఉండడం అతనికి మందులతో సమానం.

ఉపాధ్యాయుడు: ఈ వివరాలు ఆసుపత్రి గుమ్మం దగ్గరే చెప్పి ఉంటే ఎంత బాగుండేదమ్మా. అయినా మూల ప్రశ్న అలాగే నిలిచి ఉంది. స్వావలంబనను అంత ఎత్తున నిలబెట్టడాన్ని ఆ దేశాలవారే ప్రశ్నించారు. కొలంబియా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం బోధించిన రాబర్ట్ మర్ఫీ వెన్నుపాములో పెరిగిన కణితి వల్ల క్రమంగా కాళ్లలో, చేతుల్లో కదలిక కోల్పోతూ, తన సొంత శరీరాన్నే ఒక కొత్త తెగను అధ్యయనం చేసినట్టు పరిశీలించి, 1987లో ‘ది బాడీ సైలెంట్’ అనే గ్రంథం ప్రచురించాడు. అమెజాన్ అడవుల్లోని ముండురుకు ప్రజల మధ్య పనిచేసిన ఆ పండితుడు, ఒకరిమీద ఆధారపడడాన్ని అమెరికన్ సమాజం పెద్దల దోషంగా, పసితనానికి దిగజారడంగా చూస్తుందని, శరీరం కంటే ఆ చూపే వికలాంగుణ్ని ఎక్కువగా గాయపరుస్తుందని వాదించాడు. ఆధారపడడం నేరం కాని చోట, తండ్రి కొడుకు మీద, కొడుకు అక్క మీద, అందరూ ఆ ఇంటి మీద ఆధారపడే చోట, ఆ గాయాన్ని కొత్తగా ఎందుకు చేయాలి?

చికిత్సకురాలు: మర్ఫీ మాటకు విలువ ఇవ్వవలసిందే. అయితే ఆయన పుస్తకంలో ఆయన భార్య కూడా ఉంది పెదనాయనా. ఆమె కూడా మానవశాస్త్రవేత్తే, అడవిలో ఆయనతో కలిసి పనిచేసినదే. భర్త జబ్బు ముదిరేకొద్దీ ఆమె దినచర్య, ఆమె పని, వారి దాంపత్యం ఎట్లా మారాయో ఆయన దాచకుండా రాశాడు. ఇల్లు సేవ చేస్తుందని చెప్పే ప్రతిచోటా ఆ ఇల్లు అనే మాట వెనుక ఒక మనిషి ఉంటుంది, సాధారణంగా ఆమె ఆ ఇంటి కోడలో భార్యో అయి ఉంటుంది. నియమం ప్రకారం రాత్రి రెండు గంటలకొకసారి పక్క తిప్పాలంటే ఆమె నిద్ర ముక్కలవుతుంది. తనకంటే బరువైన మనిషిని మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి మరుగుదొడ్డికి ఎత్తుతూ ఆమె నడుము విరుగుతుంది. మూత్రపు సంచి ఖాళీ చేయడం, పక్కబట్టలు ఉతకడం, పిల్లలను బడికి పంపడం అయ్యాక జనవరి, ఫిబ్రవరి నెలల్లో శనగ పెరికే పనికి ఆమె పోలేదు కనుక ఆ కూలీ కూడా పోతుంది. భర్త సంపాదన ఆగిన ఇంట్లో భార్య సంపాదన కూడా ఆగిపోవడాన్ని సేవ అన్న పేరుతో గౌరవించి ఊరుకోవడం న్యాయం కాదు. రోగి చేసుకోగలిగిన పని రోగి చేసుకుంటే తగ్గేది ఆమె భారం. ఆ కారణం ఒక్కటి చాలు, స్వావలంబనకు వేరే దేశం సాక్ష్యం అక్కరలేదు.

ఉపాధ్యాయుడు: ఆ లెక్క ఎవరూ వేయలేదన్నది నిజమే. బంధువులు వచ్చి రోగిని పలకరించి, అతని భార్యను నీ పుణ్యమే అతన్ని బతికించిందని పొగిడి పోతారు, రాత్రి ఒక్కరూ నిలవరు. అయినా స్వయంగా చేసుకోలేనివి ఉన్నాయి కదా. మూత్రం సంగతే తీసుకుంటే, గొట్టం వేసి సంచి తగిలించి పంపారు, అది నర్సు పని.

చికిత్సకురాలు: నెలల తరబడి లోపలే ఉండే ఆ గొట్టం వల్లే సంక్రమణలు, మూత్రాశయపు రాళ్లు ఎక్కువవుతాయి. 1972లో అమెరికాలోని మిషిగన్‌లో జాక్ లాపిడెస్ అనే యూరాలజిస్టు, మూత్రాశయం అతిగా నిండి సాగిపోవడమే సంక్రమణలకు ముఖ్యకారణమని వాదించి, రోగి సబ్బుతో చేతులు కడుక్కుని, శుభ్రమైన సన్నని గొట్టాన్ని తానే లోపలికి పంపి, నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి మూత్రం తీసివేసి గొట్టం బయటికి తీసేసే పద్ధతిని ప్రవేశపెట్టాడు. శస్త్రచికిత్స గదిలోలాంటి సూక్ష్మజీవిరహిత ఏర్పాట్లు అక్కరలేదని, శుభ్రత చాలునని తేలడం వల్ల అది సామాన్యుల ఇంటికి చేరగలిగింది. చేతులు పనిచేసే ఏ మనిషైనా కొద్దిరోజుల శిక్షణతో దీన్ని నేర్చుకుంటాడు. ఒక్కసారికి అర లీటరు మించకుండా చూసుకోవాలి, నీళ్లు ఎప్పుడు ఎంత తాగినదీ గమనించుకోవాలి. మలవిసర్జనకు కూడా రోజూ ఒకే వేళ, తిన్న తర్వాత, కమోడ్ మీద కూర్చునే క్రమం ఏర్పరిస్తే పేగు ఆ వేళకు అలవాటు పడుతుంది. ఈ రెండూ సర్దుకున్న మనిషి పెళ్లికి పోగలడు, బస్సెక్కగలడు. సర్దుకోని మనిషి, కాళ్లలో బలం ఉన్నా, వాసన వస్తుందన్న సిగ్గుతో గది దాటడు. నడక గురించి వంద ప్రశ్నలు వేసే కుటుంబం ఈ విషయంలో ఒక్క ప్రశ్న కూడా అడగకపోవడం, అడగనిచ్చే తీరిక వైద్యులకు లేకపోవడం, ఈ జబ్బు తర్వాతి జీవితంలో అన్నిటికంటే బాధాకరమైన మౌనం.

ఉపాధ్యాయుడు: అంత వివరంగా చెప్పిన తర్వాత కాదనడానికి లేదు. కానీ అమ్మా, స్వావలంబన అన్న మాట ఎవరికి లాభమో కూడా చూడాలి. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైన నాటి నుంచి, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో, పేదలకు పెద్ద శస్త్రచికిత్సలు అందుబాటులోకి వచ్చాయి. అది చిన్న మేలు కాదు. అయితే డిశ్చార్జి కాగితం మీద చివర ఫిజియోథెరపీ చేయించవలెను అని ఒక్క వాక్యం రాసి పంపితే, ఆ వాక్యాన్ని అమలు చేయడానికి నంద్యాల దాకా ఆటో మాట్లాడుకోవాలి, తోడుగా ఒక మనిషి ఆ రోజు కూలీ మానుకోవాలి. ఇంట్లో చూస్తే వీధి నుంచి అరుగు, అరుగు నుంచి గడప, గడప దాటితే నాపరాళ్ల బండలు. దొడ్లో కూర్చునే మరుగుదొడ్డి. ఈ ఇంట్లో, ఈ దారిలో స్వయంగా బతుకు అని రోగికి చెప్పడం, చేయవలసినవారు చేయకుండా తప్పుకోవడం కాదా? పింఛను చూసినా అంతే. 2024 జూలై నుంచి రాష్ట్రంలో వికలాంగులకు నెలకు 6,000 రూపాయలు, మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 రూపాయలు ఇస్తున్నారు. వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేసినవాడికి 9,000 తగ్గుతాయేమోనన్న భయం ఉన్న ఇంట్లో, లేచి నడువు అని చెప్పే ధైర్యం ఎవరికి వస్తుంది? 2025లో పింఛనుదారుల వైకల్యాన్ని మళ్లీ పరీక్షించినప్పుడు ఆ భయం ఊరూరా కనిపించింది.

చికిత్సకురాలు: ఆ విమర్శలో ఒక్క అక్షరం కూడా తీసివేయనక్కరలేదు. కోలుకోవడాన్ని శిక్షించే పద్ధతి ఏ పథకంలో ఉన్నా అది దిద్దుకోవలసినదే. వాకర్‌తో నడిచే మనిషికీ మూత్రపు గొట్టాలు, డైపర్లు, మందులు, ఎమ్మారైలు తప్పవు. 2016 వికలాంగుల హక్కుల చట్టం, అధిక సహాయం అవసరమైనవారికి సంరక్షకుల భత్యం అనే మాటను స్పష్టంగా పేర్కొన్నది; ఆ మాట ఆ రైతు భార్య చేతికి డబ్బుగా చేరేలా అడగడం మీలాంటి పెద్దలు సచివాలయంలో చేయగల పని. సదరం శిబిరంలో వైకల్యం 40 శాతం లేదా అంతకు మించి ఉన్నట్టు ధ్రువపత్రం పొందడం ఆ దారిలో మొదటి మెట్టు.

అయితే ఏర్పాట్లు అన్నీ అయ్యాకే స్వావలంబన అంటే, ఆలోగా మనిషి ఉండడు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో, నాజీ జర్మనీ నుంచి తప్పించుకుని వచ్చిన లుడ్విగ్ గుట్‌మన్ వెన్నుపాము విభాగం ప్రారంభించే నాటికి, నడుము కింద చచ్చుబడినవారు పుండ్లతో, మూత్రపు సంక్రమణలతో త్వరలోనే మరణించడం సహజమని వైద్యులే నమ్మేవారు; ఆయన కొత్త మందు ఏదీ కనిపెట్టలేదు, రాత్రింబగళ్లు పక్క మార్పించి, మూత్రం శుభ్రంగా తీయించి, పని నేర్పించి ఆ నమ్మకాన్ని పడగొట్టాడు. దగ్గరగా చూస్తే, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో యువవైద్యురాలిగా ఉండగా 1954లో కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిన్న మేరీ వర్గీస్, కుర్చీలో కూర్చుని కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసింది, న్యూయార్క్‌లో పునరావాస వైద్యం చదివి వచ్చింది. 1966లో వేలూరు శివార్లలోని బాగాయంలో వెలసిన పునరావాస సంస్థ ఆమె కృషి ఫలం. యర్రగుంట్లలో రైలు మారి కాట్పాడిలో దిగే రాయలసీమ రోగులకు ఆ ఊరు పరాయిది కాదు. రోగితోపాటు ఇంటి మనిషిని కూడా నిలిపి, ఇద్దరికీ నేర్పి పంపడం అటువంటి చోట్ల జరిగే అసలు పని. మీరన్న సేవా, ఇక్కడ అంటున్న స్వావలంబనా అక్కడ ఒకే గదిలో నేర్పుతారు.

ఉపాధ్యాయుడు: అయితే ఈ ఇంటి సంగతి చెప్పు. అరుగు తీసేయమంటే ఆ ఇంటి పెద్దావిడ ఒప్పుకోదు. వాళ్ల మామ కట్టించిన అరుగు, సాయంత్రాలు నలుగురు కూర్చునే చోటు.

చికిత్సకురాలు: అరుగు మొత్తం తీయనక్కరలేదు. కుర్చీ ఎక్కే వాలు ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది ప్రమాణం. రెండడుగుల అరుగుకు ఇరవై నాలుగు అడుగులు కావాలి, ఈ వీధిలో అంత చోటు లేదు. దొడ్డివైపు నేల దాదాపు సమంగానే ఉంది కనుక ఆ గుమ్మాన్ని కుర్చీ పట్టేంత వెడల్పు చేసి, గడప చెక్కించి, అటునుంచి సందులోకి దారి తీస్తే సరిపోతుంది. స్నానాల గదిలో నున్నటి నాపరాయి తడిస్తే కాలు నిలవదు, అక్కడ గరుకు బండలు వేయాలి, కమోడ్ కుర్చీ పెట్టాలి. ఎండాకాలం గురించి మరింత హెచ్చరిక అవసరం. గాయం స్థాయికి కింద చెమట పట్టదు కనుక, మే నెలలో 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో ఆ ఒళ్లు తనను తాను చల్లబరచుకోలేదు. మధ్యాహ్నం తడిగుడ్డ, ఫ్యాను, నీడ తప్పనిసరి. నొప్పికి ఇసుక మూటతోనో ఇటుకతోనో కాపడం పెట్టే అలవాటు స్పర్శ లేని చర్మం మీద ఘోరమైన కాలిన గాయంగా ముగుస్తుంది; రోగికి కాలినట్టు తెలియదు, పెట్టేవారికి అతను ఊరుకున్నాడు కనుక హాయిగా ఉందనిపిస్తుంది. ఇంకొకటి, కణితి ఛాతీ పైభాగంలో, ఆరవ ఛాతీ వెన్నుపూసకు పైన ఉన్నవారికి మూత్రాశయం నిండిపోయినా, మలం గట్టిపడినా హఠాత్తుగా రక్తపోటు పెరిగి, తల పగిలేంత నొప్పి, ముఖాన చెమటలు రావచ్చు. తలనొప్పి మాత్ర వేసి పడుకోబెట్టడం అప్పుడు ప్రమాదం. లేపి కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, మూత్రం తీయాలి, తగ్గకపోతే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఈ వారం ఆశా కార్యకర్తకూ ఇది నేర్పవలసి ఉంది.

ఉపాధ్యాయుడు: దొడ్డిదారి మంచి ఉపాయమే, కానీ మనిషిని వెనుక గుమ్మం నుంచి మాత్రమే బయటికి తీస్తే అతను వెనుక గుమ్మం మనిషే అవుతాడు. మర్ఫీ చెప్పిన మరో సంగతి ఇక్కడే గుర్తుకు వస్తుంది: వికలాంగుడు సమాజం దృష్టిలో రోగీ కాదు, ఆరోగ్యవంతుడూ కాదు, రెండింటి నడుమ గడప మీద నిలిచిపోయినవాడు, అందుకే జనం అతని కళ్లలోకి చూడడానికి తడబడతారు. ఆ తడబాటు పోగొట్టడం ఏ ఫిజియోథెరపీ వల్లా కాదు. సాయంత్రం నలుగురు కలిసి కుర్చీతో సహా అతన్ని ఎత్తి అరుగు మీద కూర్చోబెట్టాలి, శనగల ధర గురించి అతని అభిప్రాయం అడగాలి, కాటా దగ్గర లెక్క అతని చేత రాయించాలి. ఎత్తించుకోవడం పరాధీనత అంటే అననీ. ఆ నాలుగు చేతులు ఈ ఊరు అతనికి ఇవ్వగలిగిన మందు.

చికిత్సకురాలు: దానికి అభ్యంతరం లేదు, అతను ఎత్తమన్నప్పుడు ఎత్తితే, వద్దన్నప్పుడు ఊరుకుంటే. ఆ నాలుగు చేతులూ ప్రతి సాయంత్రం మగవాళ్లవే కావాలని, ఆ గంట అతని భార్యకు విశ్రాంతి కావాలని మాత్రం షరతు పెట్టవలసి ఉంది.

ఉపాధ్యాయుడు: షరతు సమ్మతమే. ఇక మిగిలింది ఒక్కటి, దాని మీద మాత్రం ఏకీభావం కుదిరేలా లేదు. గడ్డ మళ్లీ వచ్చే అవకాశం ఉందని, ఏళ్ల తరబడి స్కాను తీయిస్తూ ఉండాలని సర్జన్ పెద్దకొడుకుకు చెప్పాడట. ఆ మాట రోగి చెవిన వేయవద్దని ఇంటి పెద్దలు నిర్ణయించారు. ఇప్పుడిప్పుడే కాలివేళ్లు కదులుతున్న మనిషికి భయం పెట్టడం అవసరమా?

చికిత్సకురాలు: అవసరమే పెదనాయనా. వెన్నుపాము లోపలి కణితుల్లో కొన్ని నెమ్మదిగా పెరుగుతాయి, పదేళ్ల తర్వాత కూడా తిరిగి కనిపించినవి ఉన్నాయి. అందుకే తొలి నెలల్లో ఒకసారి, తర్వాత ఏడాదికొకసారి, ఆపైన సర్జన్ చెప్పిన వ్యవధిలో ఎమ్మారై తీయిస్తారు. మళ్లీ పెరిగితే రెండు స్కానుల మధ్యలోనే ఆ ఒంటికి తెలియవచ్చు: ఉన్న బలం తగ్గడం, తిమ్మిరి ఒక అంగుళం పైకి ఎక్కడం, కొత్తగా రాత్రినొప్పి మొదలవడం. ఏ మార్పును గమనించాలో తెలియని మనిషి వాటిని పాత జబ్బులో భాగమనుకుని ఊరుకుంటాడు. మొదటిసారి చెప్పు జారినా తెలియలేదన్న సంగతిని ఏడాదిపాటు ఎవరికీ చెప్పకపోవడం వల్లే అతని కాళ్లు ఈ స్థితికి వచ్చాయి. నిజం దాచి అదే ఆలస్యాన్ని రెండోసారి కొనితెచ్చుకోకూడదు. ఆ ఫైలు పెద్దకొడుకు బీరువాలో కాదు, అతని తలగడ పక్కన ఉండాలి.

ఉపాధ్యాయుడు: ఫైలు అతని దగ్గర ఉండడానికి ఇంటివారిని ఒప్పించవచ్చు, ఆ బాధ్యత ఇక్కడ స్వీకరించినట్టే. మళ్లీ వస్తుందన్న మాట ఇప్పుడే చెప్పాలన్న దానికి మాత్రం ఇప్పటికీ అంగీకారం లేదు; మూడో నెల స్కాను చేతికి వచ్చిన రోజున, అందులో శుభ్రంగా ఉందన్న సంగతితో పాటు, అతని భార్య పక్కన కూర్చుని ఉండగా చెప్పవచ్చు.

చికిత్సకురాలు: మూడో నెలదాకా ఆగవచ్చు, మధ్యలో అతనే అడగనంత కాలం. అడిగిన రోజున మాత్రం అబద్ధం చెప్పకూడదని పెద్దకొడుకుతో మీరే ముందుగా మాట్లాడాలి.